పంకా ఆగిన ఫోటో

ఆ రోజు మా వదిన కారెక్కుతుందని ఇంట్లో ఎవరమూ అనుకోలేదు.

వదిన అంటే నా భర్తకు అక్క. రాజంపేట దగ్గర ఒక నేతగాళ్ల ఊళ్లో ఉంటుంది. ఆమె, ఆమె భర్త ఇద్దరూ మగ్గం మీదే బతికిన మనుషులు. నూలు చీరలు నేస్తారు. వాళ్లకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల చిన్న విమానాలు నడపడం నేర్పే ఒక బడిలో టీచరు. మగ్గం చప్పుడు మధ్య పెరిగిన పిల్ల అక్కడిదాకా ఎలా పోయిందన్నది పెద్ద కథ. అది ఆమే చెప్పుకోవాలి. ఆమె గాల్లో ఉన్నప్పుడు వాళ్లమ్మ కింద ఎలా ఉండేదన్నది మాత్రం నేను చెప్పగలను.

కూతురు విమానం నడుపుతుండగా వదిన ఒక్కసారి కూడా చూడలేదు. చూడనని ఒట్టు పెట్టుకున్నట్టే ఉండేది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఒకటే మాట అడిగేది: "కిందికి దిగినావా?" దిగినానమ్మా అని పిల్ల అనగానే సరే అని పెట్టేసేది. తిన్నావా, ఎట్లుండావు లాంటి కబుర్లన్నీ ఆ తర్వాత ఇంకో ఫోన్‌లో.

ఆ ఏడాది చలికాలం చివర్లో, కర్నూలు చేరకముందే రాతిగుట్టల మధ్య ఉండే రన్‌వే మీద విమానాల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. అందులో పిల్ల వాళ్ల బడి విమానాలు నాలుగు వరుస కట్టి ఎగురుతాయట. మూడోది నడిపేది తనే. ఆ సంగతి నాకు ఫోన్ చేసి చెప్పి, "అత్తా, నువ్వొచ్చి నాకొక మంచి ఫోటో తీయాల. ఇన్నేండ్లుగా నడుపుతాండా గానీ గాల్లో ఉండే ఫోటో నాకు ఒక్కటి కూడా లేదు" అంది.

నేను పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ని. కడపలో మాకొక స్టూడియో ఉంది. నా భర్త అక్కడ కూర్చుని పాస్‌పోర్టు సైజు ఫోటోలు, ప్రింట్లు, ఫ్రేములు చూసుకుంటాడు. పెళ్లిళ్లకూ నిశ్చితార్థాలకూ బయటికి తిరిగేది నేను. నాతో వచ్చి వీడియో తీసేది భాయ్; అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. మా స్టూడియో పక్క వీధిలోనే ఆయన ఇల్లు. ఎన్నో ఏళ్లుగా ఒకే కారులో పెళ్లిళ్లకు తిరిగీ తిరిగీ మాటల్లేకుండానే ఒకరి పని ఒకరికి తెలిసిపోయేంత అలవాటు మాది.

అయితే విమానాల ఫోటోలు వేరే సంగతి. పెళ్లికూతురితో "ఒక్క నిమిషం అట్లే ఉండమ్మా" అనొచ్చు. తాళి కట్టేటప్పుడు పెళ్లికొడుకును చేయి అక్కడే ఆపమంటాం, ఆపుతాడు. విమానం ఆగదు. అంతకు ముందు ఏడు పిల్ల పోరు పడలేక భాయ్‌ని వెంటబెట్టుకుని బెంగుళూరు దగ్గర జరిగిన ఒక ప్రదర్శనకు పోయి వచ్చాను. ఆ రోజు నేను తీసినవాటిలో సగం ఖాళీ ఆకాశం. మిగతా సగంలో ఒక తోకో, ఒక రెక్క కొసో, లేదంటే నల్లటి మచ్చో. జెట్ విమానం చప్పుడు దాని వెనకాల ఎక్కడి నుంచో వస్తుంది. చప్పుడు వచ్చిన వైపు కెమెరా తిప్పితే అక్కడేమీ ఉండదు, విమానం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఇది తెలుసుకోవడానికే నాకు పూటంతా పట్టింది. పైగా తెల్లటి ఆకాశం కెమెరాను మోసం చేస్తుంది. వెలుతురు ఎక్కువైందనుకుని అది విమానాన్ని బొగ్గుముక్కలా చేసి పెడుతుంది.

తిరిగొచ్చాక కసి పుట్టి బైపాసు రోడ్డు పక్కన నిలబడి బస్సుల మీద సాధన చేశాను. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, పాదాలు కదలకుండా, నడుము నుంచి మాత్రమే తిరగాలి. బస్సు ఎంత వేగంగా పోతుందో కెమెరా కూడా అంతే వేగంగా పోవాలి. కొందరు డ్రైవర్లు నేను బస్సు కోసం నిలబడ్డాననుకుని ఆపేవాళ్లు. వాళ్లకు సర్దిచెప్పలేక ఒకసారి ఎక్కేసి తర్వాతి స్టాపులో దిగి నడిచి వచ్చాను.

ముందు పంకా ఉండే చిన్న విమానాలది ఇంకో తంటా. పంకా అని మా పిల్లే అంటుంది, వాళ్లమ్మకు అర్థం కావాలని. షట్టర్ బాగా వేగంగా పెట్టి తీస్తే పంకా రెక్కలు ఎక్కడివక్కడ ఆగిపోయినట్టు పడతాయి. విమానం దారానికి కట్టి వేలాడదీసిన బొమ్మలా ఉంటుంది. షట్టర్ నిదానంగా పెడితే పంకా గుండ్రంగా, తిరుగుతున్నట్టు పడుతుంది. ఫోటోకు ప్రాణం వస్తుంది. కానీ అప్పుడు చేయి రవ్వంత వణికినా బొమ్మంతా అలుక్కుపోతుంది. ఎన్నో తీస్తే ఒకటి నిలుస్తుంది. పిల్లకు మంచి ఫోటో ఇవ్వాలంటే ఆ నిదానం షట్టర్‌తోనే తీయాలని ముందే అనుకున్నాను.

ప్రదర్శనకు ముందు రోజు సాయంత్రం వదిన బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. ఎందుకొచ్చావని అడిగితే "తమ్మున్ని చూసి శానా దినాలాయె" అంది. మర్నాడు పొద్దున్నే నేనూ భాయ్ కెమెరా బ్యాగులు డిక్కీలో సర్దుతున్నాం. ఆమె తలస్నానం చేసి, తను నేసిన చీరే కట్టుకుని వచ్చి, నేరుగా వెనక సీట్లో కూర్చుంది.

"యాడికి వదినా?" అన్నాను.

"మీతోనే వస్తాండా."

"చూడలేనంటివి గదా?"

"చూడనులే. పైకి చూసేది లేదు. ఆ పిల్ల దిగే పొద్దుకు మాత్రం నేను ఆడ్నే ఉండాల. అంతే."

నా భర్త గుమ్మంలో నిలబడి అక్క వైపు, నా వైపు చూశాడు. లోపలికి పోయి మంచినీళ్ల క్యాను తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

ఆళ్లగడ్డ దగ్గర అహోబిలం పోయే దారి బోర్డు కనపడగానే వదిన ఆ వైపు తిరిగి దండం పెట్టుకుంది. నంద్యాలలో టీ తాగుతుంటే భాయ్‌ని అడిగింది: "ఏమప్పా, ఆ విమానాలు ఒకదానికొకటి ఆనుకోని పోతాయంటనే? తగలవా?"

"తగలవు పెద్దక్కా. మనకు దగ్గరున్నట్టు కనపడ్తాది గానీ మధ్యలో శానా ఎడం ఉంటాది" అన్నాడు భాయ్. ఆయనకు ఆ సంగతి తెలిసి చెప్పాడో, ఆమె కోసం చెప్పాడో నేను అడగలేదు.

మేం పోయేటప్పటికే జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చి ఉన్నారు. చుట్టూ ఉన్న గుట్టల మీద రాయి కనపడకుండా మనుషులే. కర్నూలు నుంచి కుటుంబాలకు కుటుంబాలు ట్రాక్టర్లలో, ఆటోల్లో దిగుతున్నాయి. ఎవరో ముసలాయన ఆలూరు దగ్గర పల్లె నుంచి తెల్లవారకముందే బయలుదేరానని కనపడినవాళ్లకల్లా చెబుతున్నాడు. మజ్జిగ బండ్లు, శెనక్కాయల బుట్టలు, మైకులో ఒకాయన గొంతు.

జనం ముందుకు రాకుండా కట్టిన తాళ్ల దగ్గర ముందు వరుసలో మాకు చోటు దొరికింది. భాయ్ తన వీడియో కెమెరా స్టాండు మీద బిగించాడు. వదిన కోసం డేరా నీడలోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాం. ఆమె దాన్ని వెనక్కి తిప్పుకుని, రన్‌వేకు వీపు పెట్టి కూర్చుంది. వేలమంది ఒక వైపు చూస్తుంటే ఆమె ఒక్కతే వాళ్ల ముఖాలు చూస్తూ కూర్చుంది.

మొదట జెట్లు వచ్చాయి. చెవులు దిమ్మెక్కిపోయాయి. చిన్నపిల్లలు ఏడ్చారు, పెద్దవాళ్లు ఈలలు వేశారు. ఈసారి నేను చప్పుడును నమ్ముకోలేదు. విమానం ఎటు నుంచి వస్తుందో ముందే చూసుకుని అక్కడి నుంచి దాన్ని పట్టుకున్నాను. పొగ తోకలతో సహా బాగానే పడ్డాయి. నాలో నేనే నవ్వుకున్నాను.

తర్వాత మైకులో వాళ్ల బడి పేరు చెప్పారు. వదిన కుర్చీలో సర్దుకుని కూర్చుని కొంగు రెండు చేతుల్లోకి తీసుకుంది.

"వస్తాండాయా?" అంది.

"వస్తాండాయి వదినా. నాలుగూ బాగుండాయి. మూడోదానికి తోక మీద పసుపుపట్టె ఉండాది. అదే మన పిల్లది."

"నాకు చెప్పొద్దు. నువ్వు తీసుకో."

జెట్ల తర్వాత ఆ నాలుగూ ఎంత చిన్నగా, ఎంత తీరిగ్గా కనిపించాయో! కొంగలబారులా ఎడమ నుంచి కుడికి పోయాయి. షట్టర్ నిదానంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, నడుము తిప్పుతూ వరసగా నొక్కాను. వెనక్కి తిప్పి చూసుకుంటే వాటిలో ఒకటి నిలిచింది. పంకా గుండ్రంగా ఉంది, అద్దంలోంచి పిల్ల ముఖం తేటగా ఉంది, నవ్వుతున్నట్టు కూడా ఉంది. నా జన్మకు ఈ ఒక్క విమానం ఫోటో చాలనిపించింది.

నాలుగూ చుట్టు తిరిగి రెండోసారి ఇంకా దగ్గరగా వచ్చాయి. నేను మూడోదాన్ని పట్టుకుని దానితోపాటే తిరుగుతున్నాను. గుట్టల పైనుంచి ఒక గద్ద గాలికి తేలుతూ నా కెమెరా కంటిలోకి వచ్చింది. పక్కకు పోతుందిలే అనుకున్నాను. అది రెక్కలు ముడుచుకుని కిందికి దూకింది. నేరుగా పసుపుపట్టె విమానం ముందుకు.

చప్పుడేమీ వినపడలేదు. విమానం అద్దం మీద తెల్లగా ఏదో చిట్లింది. ముక్కు ఒక్కసారి కిందికి వంగి, ఒక రెక్క వాలింది. వెంటనే వరుసలోంచి విడిపోయి కుడివైపు, గుట్టలకు దూరంగా తిరిగింది. మిగతా మూడూ పైకి లేచిపోయాయి.

జనమంతా ఒక్క గొంతుతో "అయ్యో" అన్నారు. వదినకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఎదురుగా ఉన్న ముఖాలన్నీ ఆమెకు చెప్పేశాయి. కుర్చీ తన్నుకుంటూ లేచి నా భుజం పట్టుకుంది.

"మే, ఏమైంది? మూడోదేనా?"

అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "మూడోదే వదినా. గద్ద తగిలింది. అయినా ఎగురుతానే ఉండాది."

వదిన ఆకాశం వైపు తిరిగింది. కూతురు గాల్లో ఉండగా ఆమె తల పైకెత్తడం నేను చూడడం అదే మొదలు. ఎటు చూడాలో తెలియక ఖాళీ ఆకాశమంతా వెతుకుతోంది. "యాడ? యాడుండాదే?" అంటోంది. చేయి పట్టుకుని చూపించాను. అప్పటికి విమానం దూరంగా, రన్‌వే అవతలెక్కడో, ఆమె కంటికి ఒక చుక్క.

"నీ కెమెరాలో పిల్ల కనపడ్తాందా?"

నా లెన్సు పొడవుది. అక్కడున్న అందరిలోకీ నాకే కాస్త దగ్గరగా కనపడుతోంది. చేయి వణికినా ముఖం తేటగా పడాలని షట్టర్‌ని బాగా వేగానికి తిప్పి, విమానం మా వైపు మళ్లగానే నాలుగైదు తీశాను. తెర మీద పెద్దది చేసి చూశాను. ముందు అద్దం ఒక సగం పగిలిపోయి ఉంది. రెండో సగం వెనకాల పిల్ల తల. నిటారుగా ఉంది. పక్క అద్దంలోంచి బయటికి చూస్తోంది.

"చూడు వదినా, తల ఎత్తుకోనే ఉండాది. చూస్తాంది. బాగుండాది."

వదిన కెమెరాను రెండు చేతులతో లాక్కుంది. పట్టీ నా మెడలోనే ఉండడంతో నేను కూడా ఆమె మీదికి వంగాల్సి వచ్చింది. "ఆ... నా బిడ్డే. నా బిడ్డే" అంది. మరుక్షణమే ఆమె గొంతు మారిపోయింది. "మే! పంకా తిరగడం లేదే! పంకా ఆగిపోయింది గదే!"

నేను చేసిన పని నాకు అప్పుడు తెలిసింది. వేగంగా తీసిన ఫోటోలో పంకా రెక్కలు రెండూ నిట్టనిలువుగా, మేకు కొట్టినట్టు నిలబడి ఉన్నాయి. ఎవరు చూసినా ఆగిపోయిందనే అంటారు.

"లేదు వదినా, తిరుగుతాంది! కెమెరాలో అట్లా పడతాది. వేగంగా తీస్తే అట్లనే పడతాది!"

"నాకు అబద్ధాలు చెప్తాండావు. నాకు కండ్లు లేవా?"

ఇందాక తీసిన మంచి ఫోటో తీసి చూపించాను. "అది ముందుది గదా! ఇప్పుటిది చూపీ!" అంది. ఆమె చెప్పింది నిజమే. షట్టర్‌ని మళ్లీ నిదానానికి తిప్పి తీశాను. బస్సుల మీద నేర్చుకున్న విద్యంతా ఎటు పోయిందో, చేతులు నా మాట వినలేదు. అన్నీ అలుక్కుపోయాయి. తెల్లగా ఒక మరక, దాని వెనక పసుపుగా ఇంకో మరక. కానీ ఆ మరక ముందు ఒక గుండ్రటి నీడ మాత్రం ఉంది. వేలు పెట్టి చూపించాను.

"ఇదో, ఇది పంకా. తిరుగుతాంది కాబట్టే గుండ్రంగా పడింది. ఆగింటే రెక్కలు కనపడవా?"

వదిన ఆ గుండ్రటి నీడను కళ్లు చిట్లించి చూసింది. పూర్తిగా నమ్మినట్టు లేదు. అంతలో భాయ్ ఆమె పక్కకు వచ్చి, "పెద్దక్కా, ఫోటో ఇడ్సిపెట్టు. కండ్లు మూసుకోని ఇను. మన దిక్కే వస్తాంది. పంకా ఆగింటే ఆ చప్పుడు యాడిది?" అన్నాడు.

వదిన కళ్లు మూసుకుని తల ఒక పక్కకు వంచింది. మగ్గం దగ్గర ఏదైనా తేడాగా వినిపిస్తే ఆమె అలాగే తల వంచుతుంది. చిన్న విమానం గుయ్యిమంటూ మా మీదుగా దాటింది. చప్పుడు ఎక్కడా తెగలేదు.

"తిరుగుతాంది" అంది వదిన. "ఒక తీరుగనే ఉండాది."

మైకులో ఒక విమానం ముందు జాగ్రత్త కోసం దిగుతోందని, ఎవరూ తాళ్లు దాటి రావద్దని చెప్పారు. మంటలార్పే బండి ఒకటి రన్‌వే పక్కకు వచ్చి ఆగింది. వదిన నా చేయి వదల్లేదు. "నువ్వు చూసి నాకు చెప్తా ఉండు" అంది.

అంత పొడవు లెన్సులోంచి నేను ఫోటో తీయకుండా కేవలం చూడడం అదే మొదటిసారి.

"తిరుక్కుంది వదినా. రన్‌వే ఎదురుకు వచ్చింది. కిందికి దిగుతాంది. రెక్కలు సమంగా ఉండాయి. ఇంకా దిగుతాంది."

అప్పటికి ఎండ బాగా ఎక్కింది. రన్‌వే మీద గాలి కాగి, నీళ్లలో నీడలా అంతా అల్లాడుతోంది. విమానం కిందికి వచ్చేకొద్దీ నా కెమెరాలో అది కరిగిపోవడం మొదలైంది. చక్రాలేవో, నేలేదో తెలియడం లేదు.

"చెప్పే! ఎందుకు గమ్మునుండావు?"

"కనపడ్డం లేదు వదినా, ఎండకు అంతా... ఉండు... ఉండు..."

ఆ అల్లాడే గాలిలో, చక్రాల కింద తెల్లగా ఒక పొగ లేచింది. విమానం ఒకసారి ఎగిరి, మళ్లీ ఆనుకుంది. పరుగెత్తింది. పరుగు తగ్గింది. నిలబడింది. పంకా రెక్కలు ఈసారి నిజంగానే నెమ్మదించి ఆగాయి.

"దిగింది" అన్నాను. "దిగింది వదినా. నేల మీదుంది."

గుట్టల మీది జనం చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆ ఆలూరు ముసలాయన టవల్ తీసి తిప్పుతున్నాడు. ఎవరికీ ఆ పిల్ల ఎవరో తెలియదు. అయినా సొంత పిల్ల దిగినట్టే కేకలు వేశారు. వదిన వెనక్కి జరిగి కుర్చీలో కూలబడి, "నీళ్లియ్యి" అంది. సీసా మొత్తం ఒక్క గుక్కలో తాగేసింది. తర్వాత నవ్విందో ఏడ్చిందో నేను చెప్పలేను. రెండూ ఉన్నాయి. నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. చాలా ఏళ్లుగా మోస్తున్నదేదో ఎవరో వచ్చి దింపినంత తేలిగ్గా ఉంది.

భాయ్ అటు తిరిగి ముఖం తుడుచుకుంటున్నాడు. అప్పుడు చూసుకున్నాడు, గద్ద తగిలిన గాబరాలో స్టాండు మీది కెమెరా ఎప్పుడు తల వాల్చేసిందో. ఆ రోజు ఆయన తీసిన వీడియోలో ఉన్నదంతా గడ్డి, మా ముగ్గురి చెప్పులు, వెనకాల మా అరుపులు.

తాళ్ల దగ్గరున్న పోలీసాయన మొదట మమ్మల్ని ఆపాడు. వదిన అతని ముఖంలోకి చూసి, "ఆ విమానంలో ఉండేది నా కూతురప్పా" అంది. అతను వైర్‌లెస్‌లో ఎవరితోనో మాట్లాడి, "పో పెద్దమ్మా, నిదానంగా పో. బాగుందంట పాప" అని తాడు పైకెత్తి పట్టుకున్నాడు.

పిల్ల విమానం రెక్క నీడలో కూర్చుని ఉంది. గడ్డం మీద చిన్న ప్లాస్టరు. చొక్కా మీద గద్ద నెత్తురు, జుట్టులో ఒక చిన్న ఈక. చేతిలో నీళ్ల సీసా. ముఖం మాత్రం నవ్వుతోంది. వాళ్లమ్మను చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"అమ్మా! నువ్వెట్ల వచ్చినావు?"

వదిన పిల్ల దగ్గరికి పోయి ముందు జుట్టులోని ఈక తీసి పారేసింది. తర్వాత భుజాలు, చేతులు, వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. అంతా సరిగ్గానే ఉందని నమ్మకం కుదిరాక విమానం వైపు తిరిగింది. రెక్క మీద చేయి పెట్టింది. వేలితో తట్టి చూసింది.

"ఇంత చిన్నదా?" అంది. "ఇన్ని దినాలూ నేను బస్సంత ఉంటాదనుకున్యా. ఇంత చిన్నదాంట్లోనా నువ్వు పైకి పోయేది?"

"చిన్నది కాబట్టే చెప్పినట్టు ఇంటాదమ్మా" అంది పిల్ల. అని, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారిగా వచ్చి, వాళ్లమ్మ నడుము చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. వదిన ఆమె తల నిమురుతూ పగిలిన అద్దం వైపే చూస్తూ నిలబడింది. కాసేపటికి మెల్లగా అడిగింది: "ఆ గద్ద ఏమాయె?"

"సచ్చిపోయిందమ్మా."

"పాపం" అంది వదిన. ఆ మాట మనసులోంచే వచ్చింది.

డాక్టరు చూసి ఏమీ ఫర్వాలేదన్నాడు. బడి పెద్దాయన వచ్చి వదినకు నమస్కారం పెట్టి, పిల్లను కొన్నాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. అక్కడి నుంచే పిల్ల వాళ్ల నాన్నకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఆయన "సరే, జాగర్తగా రాండి" అని పెట్టేశాడు. కాసేపటికి మళ్లీ చేశాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. మేం నంద్యాల చేరేలోపు ఇంకోసారి చేశాడు. ఈసారి తనే చెప్పాడు, మగ్గం మీద కూర్చున్నాను గానీ చేతులు ఆడడం లేదని.

కారు నడుపుతున్న భాయ్ ఎన్నడూ పోనంత నిదానంగా పోతున్నాడు. ట్రాక్టర్లు కూడా మమ్మల్ని దాటిపోతున్నాయి.

"భాయ్, ఇట్ల పోతే రేపు పొద్దున చేరతాం" అంది పిల్ల.

"ఈ పొద్దుకు నాకు ఇంతకన్నా వేగం వద్దమ్మా" అన్నాడు ఆయన.

అందరం నవ్వాం. అంత చిన్న మాటకు అంతసేపు నవ్వడం ఎప్పుడూ జరగలేదు. నవ్వు ఆగాక పిల్ల జరిగింది చెప్పింది. అద్దం పగలగానే గాలి ముఖం మీద కొట్టిందట. ఆ గాలికి ఎదర ఏమీ కనపడలేదట. "పక్క అద్దంలో నుంచి నేలను చూసుకుంటా వచ్చినా. చేతులు వాటి పని అవే చేసుకున్యాయి అత్తా. భయం దిగినాకనే వచ్చింది." వాళ్లమ్మ చివరిదాకా విన్నది.

ఆళ్లగడ్డలో ఆపి బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు తిన్నాం. పొద్దుట్నుంచి ఎవరమూ ఏమీ తినలేదన్న సంగతి ప్లేట్లు ముందుకు వచ్చాకే గుర్తొచ్చింది. వదిన రెండోసారి పెట్టించుకుంది. నేను కెమెరాలో ఫోటోలు చూపించాను. నవ్వు ముఖంతో పడ్డ ఆ మొదటి ఫోటో చూసి పిల్ల "ఇదే, నాకు ఇదే కావాల" అంది. పంకా ఆగినట్టు పడినదాన్ని చూసి పడీ పడీ నవ్వింది. వదినకు మాత్రం దాన్ని చూస్తే ఇంకా నవ్వు రాలేదు. "అది తీసెయ్యే, ఎవురన్నా చూస్తే జడుసుకుంటారు" అంది. ఆమె ముందే తీసేశాను.

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఎండ ఇంకా గోడల మీద ఉంది. నా భర్త వీధి మొగలోనే నిలబడి ఉన్నాడు. పిల్ల దిగగానే ఆమె బ్యాగు తీసుకుని ముందు నడిచాడు. పిల్ల చాప వేసుకుని పడుకుని అప్పుడే నిద్రపోయింది. పక్కన కూర్చుని విసురుతున్న వదిన కూడా కాసేపటికి అలాగే గోడకు ఆనుకుని గురక పెట్టింది. విసనకర్ర ఆమె చేతిలోంచి జారి పడితే తీసి పక్కన పెట్టాను. ఆమె లేవలేదు.

ఆ వారమంతా వాళ్లిద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. పిల్ల తిరిగి బడికి పోయే రోజు పొద్దున కాఫీ తాగుతూ, ఎల్లుండి నుంచి మళ్లీ పైకి పోవాలని మెల్లగా చెప్పింది. వాళ్లమ్మ ఏమంటుందోనని నేనూ నా భర్తా ఆమె వైపు చూశాం.

"పో" అంది వదిన. "కాకపోతే గద్దలు తిరగని పొద్దు చూసుకోని పో."

"గద్దలు తిరగని పొద్దు ఉంటాదామ్మా?"

"ఎందుకుండదు? మీ పెద్దసారును అడుగు. ఆయనకు తెలీకపోతే నేనే వచ్చి అడుగుతా" అని గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. వంటింట్లోంచి గ్లాసులు కడుగుతున్న చప్పుడుతోపాటు ఆమె ఏదో కూనిరాగం తీయడం మాకు వినిపించింది.